మైకు ఎవరి చేతికి?

1873లో ఇంగ్లండులోని సిబ్సీ అనే పల్లెలో ఒక పాతికేళ్ళ ఇల్లాలు చర్చిలోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకుంది. ఆమె భర్త ఆ ఊరి పాస్టరు. ఆమె వచ్చింది ఆర్గన్ వాయించుకోవడానికి. ఖాళీ బల్లలను చూశాక, భర్త ప్రతి ఆదివారం నిలబడే ఆ ఎత్తు పీఠమెక్కి మాట్లాడితే ఎట్లా ఉంటుందో చూద్దామనిపించింది. మెట్లెక్కి, వినేవాళ్ళెవరూ లేని బల్లలకు మాట్లాడింది. తన గొంతులో అంత శక్తి ఉందని ఆమెకు ఆరోజే తెలిసింది. ఆ పీఠం మీద ఆడమనిషికి చోటు లేని కాలం కాబట్టి తలుపు వేసుకుని తెలుసుకోవలసి వచ్చింది. మరుసటి ఏడాదే లండన్‌లో జనం ముందు తొలి ఉపన్యాసం ఇచ్చారు. ఎంచుకున్న విషయం స్త్రీల రాజకీయ హోదా. ఆమె అనీబిసెంట్. మదనపల్లెలో మనం బి.టి. కాలేజీ అని పిలిచే బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలను 1915లో స్థాపించింది ఆమే.

వేదిక మీద బాగా మాట్లాడడం ఎలాగో చెప్పే పుస్తకాలు తెలుగులో బోలెడు ఉన్నాయి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలి, ఎవరి కళ్ళలోకి చూడాలి, సామెత ఎక్కడ వేయాలి అన్నవి వాటిలో దొరుకుతాయి. అవి పనికొచ్చే సంగతులే. అయితే ఈ అధ్యాయంలో నాకు కావలసింది వేరే ప్రశ్నకు జవాబు. మాట్లాడి దిగిపోయాక ఊళ్ళో ఏమైనా మారిందా?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు సభలు మీరూ చూసే ఉంటారు. వేదిక మీద పదిహేను కుర్చీలు. ముఖ్య అతిథి వచ్చేసరికి గంటన్నర ఆలస్యం. ప్రార్థనా గీతానికి ఒక అమ్మాయి, జ్యోతి వెలిగించడానికి ఒక మేడమ్. ఆ తర్వాత మైకు మగవాళ్ళ చేతుల్లోనే తిరుగుతుంది. శాలువాలు, మెమెంటోలు అయ్యాక సభ ఎవరి గురించి పెట్టారో వాళ్ళు వెనక వరసలోంచి లేచి బస్సుకు పోతారు. మహిళా దినోత్సవమైనా, కార్మిక దినోత్సవమైనా, బాలల దినోత్సవమైనా ఇదే వరస. దీన్ని మార్చవచ్చు. మార్చినవాళ్ళు మన ఈ మూలలోనే తిరిగారు, వాళ్ళ దగ్గర నేర్చుకోవడానికి చాలా ఉంది.

జరిమానా ఎంత? కూలి ఎంత?

అనీబిసెంట్ భారతదేశానికి రాకముందు జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. 1888లో లండన్‌లో బ్రయంట్ అండ్ మే అనే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఉండేది. పనివాళ్ళలో ఎక్కువమంది ఆడపిల్లలు. ఆమె ఫ్యాక్టరీ గేటు దగ్గరికే వెళ్ళి వాళ్ళను అడిగారు. వారానికి ఎంత ఇస్తారు? దేనికి కోస్తారు? పదహారేళ్ళ పిల్లకు వారానికి 4 షిల్లింగులు వచ్చేవి. కాళ్ళు మురికిగా ఉంటే 3 పెన్నీలు జరిమానా. 12 పెన్నీలు ఒక షిల్లింగు కాబట్టి వారం కూలి 48 పెన్నీలు. మురికి కాళ్ళకు అందులో పదహారో వంతు పోయేది. ఈ లెక్కను ఆమె ఉన్నదున్నట్టు పత్రికలో అచ్చు వేశారు. యాజమాన్యం పనివాళ్ళ చేత అదంతా అబద్ధమని రాయించుకోవాలని చూసింది. వాళ్ళు సంతకం పెట్టలేదు. జూలైలో సుమారు 1,400 మంది పని మానేశారు. రెండు మూడు వారాల్లోనే జరిమానాలు రద్దయ్యాయి.

అన్యాయం, దోపిడీ, పేదల కన్నీళ్ళు అని ఎంత పెద్ద గొంతుతో అన్నా ఆ యాజమాన్యం కదిలేది కాదని నా నమ్మకం. 'కాళ్ళు మురికైతే 3 పెన్నీలు' అన్న మాటకు మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది. మీరు వేదిక ఎక్కే ముందు మీ దగ్గర అట్లాంటి సంగతి ఒకటి ఉండాలి. ఎక్కడో చదివినది అక్కర్లేదు. మీరు వెళ్ళి, అడిగి, రాసుకున్నదే కావాలి.

ఎదుటివాళ్ళు ఏ తలుపు తెరిచారు?

బిసెంట్ పిలుపు మీద ఐర్లండు నుంచి వచ్చిన దంపతులు జేమ్స్ కజిన్స్, మార్గరెట్ కజిన్స్. ఆయన మదనపల్లె కాలేజీలో పనిచేశారు. ఆమెను మనవాళ్ళు ఎక్కువగా జనగణమన బాణీతోనే తలుచుకుంటారు. 1919 ఫిబ్రవరిలో టాగోర్ మదనపల్లెకు వచ్చి ఆ గీతాన్ని ఇంగ్లీషులోకి మార్చినప్పుడు, సంగీతం చదువుకున్న మార్గరెట్ దాని స్వరాలను కాగితం మీద పెట్టారు. అది గర్వపడవలసిన విషయమే. కానీ అంతకు రెండేళ్ళ ముందు ఆమె చేసిన పని మన పాఠ్యపుస్తకాల్లో ఉండవలసినంత పెద్దది.

1917లో భారత వ్యవహారాల మంత్రి మాంటేగు మద్రాసుకు వస్తున్నాడు. ఆడపిల్లల చదువు గురించి ఆయనకు విన్నవించాలని మార్గరెట్ అనుమతి అడిగారు. రాజకీయ విషయాలైతేనే ప్రతినిధి బృందాలను కలుస్తారని జవాబు వచ్చింది. మామూలుగా ఎవరైనా అక్కడితో ఊరుకుంటారు. ఆమె అట్లా ఊరుకోలేదు. రాజకీయమే కావాలంటే రాజకీయమే అడుగుదామనుకున్నారు. మగవాళ్ళకు ఏ షరతుల మీద ఓటు ఇస్తారో అవే షరతుల మీద ఆడవాళ్ళకూ ఇవ్వాలని విజ్ఞాపన రాశారు. డిసెంబరు 18న సరోజినీ నాయుడు నాయకత్వంలో మహిళల బృందం మాంటేగును కలిసి ఆ కోరికను ఆయన ముందు పెట్టింది. అప్పటికి ఇంగ్లండులోనే ఆడవాళ్ళకు పార్లమెంటు ఓటు రాలేదు. 1921లో మద్రాసు ప్రెసిడెన్సీ శాసనమండలి ఆస్తి అర్హత ఉన్న స్త్రీలకు ఓటు హక్కు ఇచ్చింది. బ్రిటిష్ ఇండియాలో ఆ పని మొదట చేసింది మద్రాసే, మన చిత్తూరు సీమ అప్పుడు అందులోనే ఉండేది.

ఇందులో గమనించవలసింది ఆమె వాగ్ధాటి కాదు. ఎదుటి మనిషి ఏ విషయం వినడానికి సిద్ధంగా ఉన్నాడో కనిపెట్టి, తన కోరికను ఆ విషయంలో పెట్టి అడిగారు. తహసీల్దారు చేతిలో లేని పనిని తహసీల్దారును అడిగితే ఆయన తల ఊపి పంపిస్తాడు, అంతే. ఎవరి సంతకంతో ఆ పని అవుతుందో ముందు తెలుసుకోవాలి.

మాటకు మూల్యం ఉంటుందని కూడా మార్గరెట్‌కు తెలుసు. స్త్రీల ఓటు కోసం పోరాడి ఇంగ్లండులో, ఐర్లండులో జైలుకు వెళ్ళారు. 1932లో మద్రాసులో, సభల మీదా మాటల మీదా ఆంక్షలు పెట్టిన ఆర్డినెన్సులకు వ్యతిరేకంగా మాట్లాడినందుకు మళ్ళీ జైలుపాలయ్యారు.

పీఠం దిగిపోయిన వక్త

1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గురించి ఈ ప్రాంతం వాళ్ళకు నేను కొత్తగా చెప్పేది తక్కువ. జగద్గురువని నమ్మి ఆయన కోసమే ఒక సంఘం పెట్టారు. 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్‌లో, మూడువేల మందికి పైగా సభ్యుల ఎదుట ఆయన ఆ సంఘాన్ని రద్దు చేశారు. తనకు శిష్యులు అక్కర్లేదన్నారు. వచ్చిన ఆస్తులు తిరిగి ఇచ్చేశారు. ఆ తర్వాత 1986లో కన్నుమూసే దాకా, అరవై ఏళ్ళకు దగ్గరగా, సాదా కుర్చీలో కూర్చుని, చేతిలో కాగితం లేకుండా, వినేవాళ్ళను తనతో పాటు ఆలోచించమని అడుగుతూనే ఉన్నారు.

ఆయన ఏ చట్టాన్నీ మార్చమని అడగలేదు. ఊరికి నీళ్ళు కావాలనో కూలి పెరగాలనో అడగవలసిన మనకు ఆయన పద్ధతి పూర్తిగా సరిపోదు. అయినా ఒకటి మాత్రం ఆయన దగ్గరే నేర్చుకోవాలి. జనం మిమ్మల్ని మెచ్చుకుని, చప్పట్లు కొట్టి, మీ చుట్టూ చేరడం మొదలుపెట్టినప్పుడు, ఆ మెప్పు కోసం మాట్లాడడం మొదలవుతుంది. అక్కడ జాగ్రత్తపడాలి. మీరు చెప్పిన విషయం జనానికి గుర్తుండాలి, మీ పేరు గుర్తుండకపోయినా నష్టం లేదు.

కుప్పం నుంచి రెండు రైళ్ళ దూరంలో

కుప్పం స్టేషన్లో బెంగళూరు వైపు రైలెక్కితే గుడుపల్లె, బిసానత్తం దాటాక కర్ణాటక వస్తుంది. బంగారపేటలో దిగి మారికుప్పం బండి పట్టుకుంటే కోలార్ గోల్డ్ ఫీల్డ్స్. అక్కడి బంగారు గనుల్లో పనికి తెలుగు, తమిళ పల్లెల నుంచి వేలమంది తరలిపోయారు. కార్మికుల కాలనీల్లో నీటి వసతి లేని మరుగుదొడ్లు వరసగా కట్టారు. వాటిలోని మలాన్ని రోజూ చేత్తో ఎత్తి, బకెట్లలో మోసుకెళ్ళి పారబోసే పనిలో తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలు ఉండేవి. అట్లాంటి ఒక ఇంట్లో 1966లో బెజవాడ విల్సన్ పుట్టారు.

తాము ఏం పని చేస్తున్నామో అమ్మానాన్నలు ఆయనకు చెప్పలేదు. తెలిశాక, విల్సన్ ఆ పని జరిగే చోటికి వెళ్ళి కళ్ళారా చూశారు. ఆ బాధతో బతకడమే కష్టమైందని ఆయన చాలాచోట్ల చెప్పుకున్నారు. ఈ పని మానేద్దామని తనవాళ్ళ దగ్గరికి వెళితే, వాళ్ళు దాని గురించి మాట్లాడడానికే ఇష్టపడలేదు. సిగ్గు వాళ్ళ నోరు కట్టేసింది. ఆ పని చేయించేవాళ్ళకు లేని సిగ్గు, చేసేవాళ్ళకు ఉండేది. సమాజంలో మార్పు కోసం మాట్లాడాలనుకునే ప్రతివాళ్ళూ ఇక్కడ ఒక క్షణం ఆగాలి. చాలా ఊళ్ళలో సమస్య ఇదే. తాగొచ్చి కొట్టే భర్త గురించి భార్య చెప్పదు. పదో తరగతిలోనే పెళ్ళి చేసిన కూతురి గురించి తల్లి చెప్పదు. అప్పు గురించి కౌలురైతు చెప్పడు. సిగ్గుపడవలసింది ఎవరో తారుమారైన చోట, మొదటి మాట పెగలడానికి ఏళ్ళు పడుతుంది.

1980లలో విల్సన్ గనుల అధికారులకు ఉత్తరాలు రాశారు. మా దగ్గర అట్లాంటి మరుగుదొడ్లే లేవని వాళ్ళు చెప్పుకొచ్చారు. ఆయన కెమెరా పట్టుకెళ్ళి ఫోటోలు తీసి పత్రికకు పంపారు. అవి అచ్చయ్యాక లేవని అనడం కుదరలేదు. ఆ మరుగుదొడ్లను మార్చవలసి వచ్చింది, పనివాళ్ళను వేరే పనుల్లోకి తీసుకోవలసి వచ్చింది. చేత్తో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో చట్టమొచ్చింది. తర్వాత ఎస్.ఆర్. శంకరన్ గారి లాంటివాళ్ళతో కలిసి విల్సన్ సఫాయి కర్మచారి ఆందోళన్ నిర్మించారు. ఆంధ్రప్రదేశ్ ఐఏఎస్ అధికారిగా పనిచేసి, ఉద్యోగంలో ఉన్నంతకాలం వెట్టి కార్మికుల పక్షాన నిలబడిన మనిషి శంకరన్.

2003లో ఆందోళన్ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. మా రాష్ట్రంలో ఆ పని లేనే లేదని ప్రభుత్వాలు అఫిడవిట్లు వేస్తుంటే, కార్యకర్తలు ఊరి పేరు, మనిషి పేరు, ఫోటోతో సహా కోర్టు ముందు పెడుతూ వచ్చారు. పదకొండేళ్ళు పట్టింది. 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. 1993 నుంచి మురుగుకాల్వల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో చనిపోయిన ప్రతి కార్మికుడి కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇవ్వాలని కోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో మరో తీర్పు ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. విల్సన్‌కు 2016లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. మనుషులు మాత్రం ఇప్పటికీ మ్యాన్‌హోళ్ళలో చనిపోతూనే ఉన్నారు కాబట్టి ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు.

నన్ను ఎక్కువగా కదిలించింది 2015 డిసెంబరు నుంచి 125 రోజులు దేశమంతా తిరిగిన భీమ్ యాత్ర. 2016 ఏప్రిల్ 13న, అంబేడ్కర్ 125వ జయంతికి ఒక రోజు ముందు, అది ఢిల్లీలో ముగిసింది. 'మమ్మల్ని చంపడం ఆపండి' అన్నదే వాళ్ళ నినాదం. మురుగులోకి దిగి తిరిగిరాని కార్మికుల కుటుంబాల వాళ్ళు ఆ సభల్లో మైకు ముందుకు వచ్చారు. వాళ్ళ తరఫున గొప్పగా మాట్లాడగల నాయకుడు పక్కనే ఉన్నా, మాట వాళ్ళదే అయింది. వక్తకు ఉండవలసిన గుణాల్లో అన్నిటికంటే కష్టమైనది ఇదేనని నేననుకుంటాను: తనకు వచ్చిన మైకును, ఆ బాధ పడినవాళ్ళ చేతికి ఇవ్వగలగడం.

మీ వంతు వచ్చినప్పుడు

పుంగనూరు మండలంలో ఒక డిగ్రీ అమ్మాయిని బాలికా విద్య మీద మాట్లాడమని పిలిచారనుకుందాం. స్త్రీ విద్య ప్రాచీన కాలం నుంచీ మన దేశంలో ఎంతో గౌరవం పొందిందంటూ ఆమె మొదలుపెడితే, ముందు వరసలో పెద్దలు చిరునవ్వు నవ్వి ఫోన్లు చూసుకుంటారు. అదే అమ్మాయి ఇట్లా మాట్లాడితే?

"సార్, మాది మండలంలో చివరాఖరి ఊరు. పోయినేడు మా ఊర్లో పది పాసైన ఆడపిల్లోళ్ళు తొమ్మిదిమంది. పుంగనూరు కాలేజీలో చేరినోళ్ళు నలుగురే. తక్కిన ఐదుగురి ఇండ్లకీ నేనే పోయి అడిగినా. ముగ్గురు ఒకే మాట చెప్పినారు. కాలేజీ తొమ్మిదికి పెడతారు, మా ఊరికి బస్సు తొమ్మిదిన్నరకి వస్తాది, ఆటోల్లో పంపేదానికి భయం అని. 2025 ఆగస్టు నుంచి ఆడోళ్ళకి బస్సులో టికెట్టు లేదన్నారు, సంతోషమే. మా ఊరికి ఆ టయానికి బస్సే లేదే సార్! ఆ బస్సుని గంటన్నర ముందరికి జరపండి. డిపో మేనేజర్ గారు ఈడే ఉండారు. ఎప్పటి నుంచి జరుపుతారో ఇప్పుడే చెప్తే, నేను ఈ పొద్దు సాయంత్రమే ఆ ముగ్గురి ఇండ్లకీ పోయి చెప్తా."

రెండు నిమిషాలు కూడా పట్టదు. ఇందులో ఆమె స్వయంగా సేకరించిన లెక్క ఉంది, కారణం ఉంది, అడిగిన పని ఒకటే ఉంది, ఆ పని చేయగలిగిన మనిషి ఎదురుగా ఉన్నాడు. ఐదుగురు పిల్లల పేర్లు చెప్పి వాళ్ళను పదిమందిలో నిలబెట్టలేదు. ఇది చాలా ముఖ్యం. ఇతరుల కష్టం చెప్పేటప్పుడు వాళ్ళ అనుమతి లేకుండా పేరు, ఫోటో బయటపెట్టకండి.

భాష విషయానికొస్తే, మీ ఇంట్లో మాట్లాడే తెలుగే మాట్లాడండి. 'ఉండారు', 'చెప్తా ఉండా' అంటే నవ్వుతారని మన పిల్లలు భయపడతారు. నవ్వేవాళ్ళు ఒక నిమిషం నవ్వుతారు, ఆ తర్వాత వింటారు. కుప్పంలో అయితే తమిళం, కన్నడం ఇంటి భాషగా ఉన్నవాళ్ళూ ఎదురుగా కూర్చుంటారు. నాలుగు దక్షిణాది రాష్ట్రాలూ చేయి కలిపి 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టుకున్న ఊరది. అక్కడ వాక్యాలు చిన్నవిగా, నిదానంగా ఉండాలి. అడిగే పనిని తమిళంలో, కన్నడంలో కూడా ఒక్కసారి చెప్పగలిగితే ఇంకా మంచిది.

చదువు లేదు, నేనేం మాట్లాడతాను అనేవాళ్ళకు దూబగుంట సంగతి చెప్పండి. నెల్లూరు జిల్లాలోని ఆ పల్లెలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్ళు, రోశమ్మ లాంటివాళ్ళు, సారా దుకాణం మా ఊళ్ళో వద్దని నిలబడ్డారు. ఆ మాట ఊరు దాటింది, జిల్లా దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారాను నిషేధించారు. 1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధాన్ని 1997లో ఎత్తేశారన్నది కూడా వాళ్ళకు చెప్పాలి. సాధించినదాన్ని కాపాడుకోవడానికి మళ్ళీ మళ్ళీ మాట్లాడాలి.

వేదిక అంటే షామియానా, ఫ్లెక్సీ ఉండాలని లేదు. గ్రామసభ వేదికే. డ్వాక్రా సంఘం సమావేశం వేదికే. సోమవారం అర్జీలు తీసుకునే సబ్ కలెక్టరాఫీసు వరండా కూడా వేదికే. 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలయ్యాక, దాని సామాజిక తనిఖీల్లో మండలానికొక ప్రజావేదిక పెట్టేవారు. నేను చేసిన పనిదినాలు ఇన్ని, నాకు రాసినవి ఇన్ని అని కూలి మనిషి లేచి అధికారుల ముందు చెప్పగలిగింది అక్కడే. అంతకంటే పెద్ద ఉపన్యాసం నాకు తెలియదు.

భయం సంగతి కూడా చెప్పాలి. భయం పోయాక మాట్లాడదామనుకుంటే ఎప్పటికీ మాట్లాడరు. బిసెంట్ చేసినట్టు ముందు ఖాళీ గదిలో, పొలం గట్టు మీద, మిద్దె మీద గట్టిగా మాట్లాడి చూసుకోండి. మొదటి రెండు వాక్యాలు, చివర అడిగే పని, ఈ మూడూ నోటికి వచ్చేదాకా చెప్పుకోండి. ఒక్కళ్ళే వెళ్ళకండి, మీ మాట తెలిసినవాళ్ళు నలుగురు ఎదురుగా కూర్చోవాలి. బెదిరింపులు వచ్చే విషయమైతే ముందే సంఘంతో మాట్లాడుకుని, అర్జీ మీద అందరి సంతకాలూ పెట్టించి వెళ్ళండి. మాట్లాడాక అర్జీ నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకోండి, తేదీ చూసుకోండి. నెలకోసారి వెళ్ళి ఏమైందని అడగండి. చాలామంది ఉపన్యాసాలు ఇక్కడే చచ్చిపోతాయి. మాట బాగాలేక కాదు, మళ్ళీ వెళ్ళి అడిగేవాళ్ళు లేక.

సభలు పెట్టేవాళ్ళకు ఒక విన్నపం

మీరు కాలేజీ యూనియన్‌లో ఉన్నా, లయన్స్, రోటరీ క్లబ్బుల్లో ఉన్నా, సాహితీ సంస్థ నడుపుతున్నా, బడిలో ప్రధానోపాధ్యాయులైనా, ఆహ్వాన పత్రిక అచ్చుకు ఇచ్చే ముందు ముఖ్యవక్త పేరు మళ్ళీ చూసుకోండి. టమోటా గురించి సభ అయితే మదనపల్లె మార్కెట్ యార్డులో తెల్లవారక ముందే క్రేట్లు మోసే కూలిని పిలవండి. పారిశుద్ధ్యం మీదైతే మున్సిపాలిటీ కార్మికురాలిని, ఆరోగ్యం మీదైతే ఆశా కార్యకర్తను, వికలాంగుల హక్కుల మీదైతే చక్రాల కుర్చీలో తిరిగే మనిషిని పిలవండి. చక్రాల కుర్చీ ఎక్కలేని వేదికైతే వేదికే దించండి. ఇంటికి వెళ్ళి పిలవండి. రానుపోను చార్జీలూ, ఆరోజు పోయే కూలీ మీరే ఇవ్వండి. జ్యోతి వెలిగించమని కాదు, ఇరవై నిమిషాలు మాట్లాడమని పిలవండి. వాళ్ళు అడగబోయే పని ఏ అధికారి చేతిలో ఉందో ఆ అధికారిని ముందు వరసలో కూర్చోబెట్టండి, సభ అయ్యేదాకా లేవనివ్వకండి.